కోడీ పట్టణంలో జులై 4 ఊరేగింపు: ఎల్లోస్టోన్ దారిలో ఆగిన ఒక పూట

బాటసారి, షికాగో — జులై 9, 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు ప్రయాణాల గురించి ఇక్కడ ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి గీజర్ల (నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్మే ఊటల) సంగతి నేను మళ్ళీ ఎత్తను. దారిలో మేము అనుకోకుండా ఆగిన ఒక పూట గురించి మాత్రమే రాస్తాను.

షికాగో నుంచి వయోమింగ్ రాష్ట్రంలోని కోడీకి సుమారు 1,300 మైళ్ళు. అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, వెనక సామానులో ఒక రైస్ కుక్కరు, ఒక ఆవకాయ సీసాతో జూన్ 30న బయలుదేరి, ఐ-90 రహదారి పట్టుకుని దక్షిణ డకోటా మీదుగా వచ్చి, బఫలో అనే ఊరి దగ్గర 16వ నంబరు రహదారికి మళ్ళి, బిగ్‌హార్న్ పర్వతాలు దాటి జులై 3 రాత్రికి ఆ ప్రాంతానికి చేరుకున్నాము. కోడీలో ముందుగా మాట్లాడుకున్న గది పది రోజుల ముందు రద్దయింది. ఆ బస పేరు ఇక్కడ చెప్పను. అప్పటికి ఊళ్ళో ఇంకొక గది దొరకలేదు. చివరికి 24 మైళ్ళ అవతల ఉన్న పవెల్‌లో దొరికింది. పదివేల జనాభా ఉన్న ఊళ్ళో గదులన్నీ ఎందుకు నిండిపోయాయో అప్పుడైనా ఆలోచించి ఉండవలసింది, ఆలోచించలేదు.

నాలుగో తేదీ, అంటే అమెరికా స్వాతంత్ర్య దినాన, ఉదయం ఏడున్నరకు పవెల్‌లో బయలుదేరి, తొమ్మిదిన్నరకల్లా పార్కు తూర్పు ద్వారం దాటాలని నా పట్టిక. కోడీలోకి రాగానే ఊరి నడిమి వీధి అయిన షెరిడన్ ఎవెన్యూకి రెండు వైపులా వందల కొద్దీ మడత కుర్చీలు, దుప్పట్లు పరిచి కనిపించాయి. చాలా కుర్చీల్లో మనుషులు లేరు. ముందు రోజు సాయంత్రమే వేసి వెళ్ళారట. "ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు ఆపుకున్నట్టుందిరా" అన్నారు నాన్నగారు. తుండుగుడ్డ వేసిన సీటు కోసం మన దగ్గర జరిగే తగాదా ఇక్కడ జరగకపోవడమే ఆయనకు ఎక్కువ వింతగా తోచింది. అడ్డుకట్టలు పెడుతున్న పోలీసు కుర్రవాడు పక్క వీధి మీదుగా పార్కుకు దారి చూపించి, "కానీ మీరు చూసి వెళ్తే బాగుంటుంది" అన్నాడు. పిల్లలు అప్పటికే బెల్టులు ఊడదీసేశారు.

ఊరేగింపు తొమ్మిదిన్నరకు మొదలైంది. ముందు గుర్రాల మీద జెండాలు వచ్చాయి. వీధి పొడవునా జనం ఒక కెరటంలా లేచి నిలబడుతూ, జెండా దాటగానే కూర్చుంటూ వచ్చారు. తరువాత మాజీ సైనికులు, వారి వెనక రోడియో (పశువుల కాపరుల స్వారీ పోటీల) రాణులు, నాటుబండ్లు, లారీ బల్ల మీద కుర్చీలు వేసుకుని వాయిస్తున్న బడిపిల్లల బ్యాండు, ఎవరి తాతదో తుడిచి తెచ్చిన 1940ల నాటి ట్రాక్టరు, పక్క ఊళ్ళ ఫైరింజన్లు వరసగా సైరన్లు మోగిస్తూ వచ్చాయి. బండ్ల మీద నుంచి చాక్లెట్లు చల్లుతుంటే మా పిల్లలు మొదట సిగ్గుపడి నిలబడ్డారు. పక్కనున్న ఒక పిల్ల తన సంచీలోంచి ఖాళీ కవరు ఒకటి తీసి మావాడి చేతిలో పెట్టి, ముందుకు తోసింది. ఆ తరువాత వాడిని ఆపడం మా వల్ల కాలేదు.

నాకు నచ్చినది ఏమిటంటే, వీధిలో నడుస్తున్నవారికీ పక్కన కూర్చున్నవారికీ మధ్య గీత లేకపోవడం. మా పక్కన కూర్చున్న పెద్దావిడ ఫైరింజను మీద ఉన్న ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలిచింది, ఒకడిని మాత్రం "మీ అమ్మకు ఫోను చెయ్యి" అని కేకేసింది. అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు పడ్డది గుర్రాల వెనక చీపురు, పార పట్టుకుని లద్దె ఎత్తుతూ వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళకు. వాళ్ళు పారలు ఎత్తి అభివాదం చేసిన తీరు ఏ మంత్రిగారికీ చేతకాదు.

గంట పైచిలుకులో అంతా ముగిసింది. జనం కుర్చీలు మడుస్తుంటే, జడ్పీ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేసిన మా నాన్నగారు నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మరి ఉపన్యాసం ఎప్పుడు?" ఉపన్యాసం లేదని చెబితే ఆయన చాలాసేపు నమ్మలేదు. ముప్పై నాలుగేళ్ళు ఆగస్టు 15న ముఖ్య అతిథి కోసం పిల్లలను ఎండలో నిలబెట్టిన మనిషి.

దూర ప్రయాణాల్లో ఇలా ఏదైనా చిన్న ఊరి పండుగ మధ్యలో చిక్కుకున్నవారు ఇంకెవరైనా ఉన్నారా?

మేఘమాల, డాలస్ — జులై 9, రాత్రి 10:55

చాలా బాగా రాశారు బాటసారి గారూ. మేము వచ్చే ఏడాది అత్తగారినీ మామగారినీ తీసుకుని అదే దారిలో వెళ్ళాలనుకుంటున్నాము. దయచేసి కొన్ని విషయాలు చెప్పగలరా: బండి ఎక్కడ పెట్టారు, పెద్దవాళ్ళు అంతసేపు ఎండలో ఎలా కూర్చున్నారు, ఆ రోజు పార్కులో ఏమైనా చూడగలిగారా? పిల్లలు పుస్తకంలో చదివిన గీజరు చూడకపోతే మా ఇంట్లో తిరుగుబాటు వస్తుంది.

బాటసారి, షికాగో — జులై 10, ఉదయం 7:15

మేఘమాల గారూ, బండి షెరిడన్ ఎవెన్యూకి మూడు వీధుల అవతల, ఇళ్ళ ముందు ఉచితంగానే పెట్టాము. ఎనిమిది దాటాక వస్తే అదీ దొరకదు. పరేడ్ జరిగే వీధే 14, 16, 20 నంబర్ల రహదారులకు ఊరిలోని భాగం కాబట్టి, ఆగదలచుకోనివారు కూడా ఆ ఉదయం కాస్త ముందుగా ఊరు దాటడం మంచిది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 5,000 అడుగుల ఎత్తులో ఉండటం వల్ల పొద్దున చలి, పది గంటలకు చురుక్కుమనే ఎండ. అమ్మ గొడుగు వేసుకుంది. వెనకనున్నవారికి అడ్డమేమోనని మధ్యలో రెండు సార్లు ముడిచింది, వాళ్ళే వేసుకోమన్నారు. నీళ్ళు, టోపీలు, మన సొంత మడత కుర్చీలు తప్పనిసరి. మాకు కుర్చీలు లేక కూలర్ డబ్బా మీద నాన్నగారిని కూర్చోబెట్టాము.

అక్కడి నుంచి తూర్పు ద్వారం 50 మైళ్ళు దాటి ఉంటుంది. దారిలో 1910లో పూర్తయిన బఫలో బిల్ ఆనకట్ట వస్తుంది. 325 అడుగుల ఎత్తుతో అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది అదే. గీజర్లను మరునాటికి వాయిదా వేసి, ఆ సాయంత్రం సరస్సు ఒడ్డు, హేడెన్ లోయ మాత్రమే చూశాము. బైసన్ల (అక్కడి అడవిదున్నల) మంద రోడ్డు దాటుతుంటే నలభై నిమిషాలు ఆగాము. అంటే ఒకే రోజున రెండు ఊరేగింపులు.

గడ్డిమైదానం, ఒమాహా — జులై 10, మధ్యాహ్నం 12:30

కోడీ అనగానే మా నెబ్రాస్కా వాటా సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ ఊరికి పేరిచ్చిన విలియం కోడీ, అంటే బఫలో బిల్, 1890లలో కొందరు భాగస్వాములతో కలిసి ఆ ఊరిని నిలబెట్టాడు. అంతకు ముందు ఆయన మకాం మా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్. 1882 జులై 4న ఆ ఊరివాళ్ళు స్వాతంత్ర్య దినానికి ఏదైనా చేయమని అడిగితే, పశువుల కాపరులను పిలిచి గుర్రపు స్వారీ, తాడు విసిరి పట్టడం, ఎద్దు స్వారీ పోటీలు పెట్టాడు. రోడియోకు అదే మొదలని నార్త్ ప్లాట్ వాళ్ళు అంటారు, కాదనే ఊళ్ళు కూడా ఉన్నాయి. ఆ పోటీలకు వచ్చిన జనాన్ని చూశాకే ఆయనకు ప్రదర్శన మీద నమ్మకం కుదిరింది. మరుసటి ఏడాది, 1883లో, ఒమాహాలో వైల్డ్ వెస్ట్ ప్రదర్శన (పశువుల కాపరులు, ఆదివాసులతో ఊరూరా తిరిగే ఆట) ప్రారంభమైంది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం నాటికి అది లండన్ చేరింది. కోడీలో ఇప్పటికీ జులై మొదటి రోజుల్లో జరిగే స్టాంపీడ్ రోడియో 1919లో, ఆయన పోయిన రెండేళ్ళకు మొదలైంది. కాబట్టి మీరు చూసిన ఊరేగింపుకు తాతగారి ఊరు నార్త్ ప్లాట్.

డెన్వర్ వైపు నుంచి కానీ, ఐ-80 మీద కానీ వచ్చేవారు అక్కడ ఆగితే ఆయన పొలం, ఇల్లు చూడవచ్చు. పక్కనే బెయిలీ యార్డ్ ఉంది. ప్రపంచంలో అతి పెద్ద రైల్వే యార్డు అది. రైళ్ళ పిచ్చి ఉన్న పిల్లలుంటే మాత్రం సాయంత్రం వరకు కదలరు.

నిశిత — జులై 10, సాయంత్రం 6:05

అందరూ మెచ్చుకుంటున్న చోట ఒక విరుద్ధమైన మాట. గడ్డిమైదానం గారు చెప్పినదే నా సందేహానికి ఆధారం. కోడీ ఒక ప్రదర్శనకారుడు కట్టించిన ఊరు. అక్కడి ఊరేగింపు కూడా యాత్రికుల కోసం బాగా అలవాటుపడిన ప్రదర్శన. దానిని "చిన్న ఊరి అమాయకపు పండుగ" అని తలచడం కొంత పొరపాటు కాదా? బఫలో బిల్ 1885లో లకోటా ఆదివాసుల నాయకుడు సిటింగ్ బుల్‌ను వెంటబెట్టుకుని ఊరూరా తిప్పాడు. ఓడిపోయినవారిని గెలిచినవారి ఆటలో వేషం కట్టించి నిలబెట్టడమే అది. 1890 చివర్లో సిటింగ్ బుల్‌ను చంపేశారు, రెండు వారాలకే సైన్యం లకోటాలను చంపిన వూండెడ్ నీ మారణకాండ జరిగింది. ఆ నేల మీద జెండాల ఊరేగింపు చూసి చాక్లెట్లు ఏరుకుని వచ్చేయడం నాకు అంత తేలికగా మింగుడు పడదు. మీ ఆనందాన్ని తప్పుపట్టడం లేదు.

బాటసారి, షికాగో — జులై 10, రాత్రి 8:50

నిశిత గారూ, "అమాయకపు" అన్న మాట నేను వాడలేదు, కానీ నా రాతలో ఆ వాసన ఉందని ఒప్పుకుంటాను. యాత్రికుల కోసమే అన్నది మాత్రం నాకు సగమే నిజమనిపిస్తుంది. మీ అమ్మకు ఫోను చెయ్యమని అరిచిన పెద్దావిడ నా కోసం అరవలేదు. ఇక రెండో సంగతికి వస్తే, ఊరి మ్యూజియంలో మైదాన ప్రాంతపు ఆదివాసుల కోసం ఒక పూర్తి విభాగం ఉందని తెలిసినా, పార్కు తొందరలో మేము లోపలికి వెళ్ళలేదు. ఊరేగింపు చూసి మ్యూజియం వదిలేశామంటే కథ సగమే విన్నామని మీరు అనవచ్చు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇసుకతిన్నె, బిల్లింగ్స్ — జులై 11, ఉదయం 5:40

బాటసారి గారూ, మీరు పవెల్‌లో బస చేసి కోడీకి వచ్చామన్నారు, అంటే 14ఏ రహదారి మీదే వచ్చి ఉంటారు. ఆ దారిలో, కోడీకి సుమారు 13 మైళ్ళ ముందు, కుడి చేతి వైపు పైన కొమ్ము తిరిగినట్టుండే ఒక ఒంటరి కొండ, రోడ్డుకు కొంచెం ఎగువన ఎత్తైన ఇటుక పొగగొట్టం ఒకటి కనిపించాయా?

ఆ కొండ పేరు హార్ట్ మౌంటెన్. ఆ పొగగొట్టం ఒక ఆసుపత్రి బాయిలరుది. 1942 ఆగస్టు నుంచి 1945 నవంబరు వరకు అక్కడ ముళ్ళకంచె వేసి, కాపలా బురుజులు కట్టి, పశ్చిమ తీరం నుంచి రైళ్ళలో తెచ్చిన జపాన్ సంతతివారిని ఉంచారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఒక దశలో పదివేల మందికి పైగా ఉన్నారు, అంటే వయోమింగ్‌లో అప్పటికి మూడో పెద్ద పట్టణం ఆ శిబిరమే. నేరం ఏమీ లేదు, విచారణ లేదు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తరువాత అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 ఫిబ్రవరిలో చేసిన ఒక సంతకం మీద ఇదంతా జరిగింది.

ఇది ఊరేగింపుల చర్చలో ఎందుకంటారా? శిబిరంలోని పిల్లలు కూడా బాయ్ స్కౌట్ దళాలు పెట్టుకున్నారు. రోజూ జెండా ఎగరేసి వందనం చేసేవారు. బయటి దళాలను ఆటలకు పిలిస్తే, ముళ్ళకంచె చూసి చాలామంది రాలేదు. కోడీ నుంచి ఒక దళం వెళ్ళింది. అందులో వెళ్ళిన కుర్రవాడు అలన్ సింప్సన్. లోపల అతనికి జతగా ఒకే గుడారంలో పడుకున్నవాడు, శాన్ హోసే నుంచి తెచ్చిన నార్మన్ మినెటా. పెద్దయ్యాక సింప్సన్ రిపబ్లికన్ సెనేటరు, మినెటా డెమొక్రాట్ పార్టీ నుంచి ప్రతినిధుల సభ సభ్యుడు, తరువాత కేంద్ర మంత్రి. స్నేహం చివరిదాకా నిలిచింది. శిబిరాలకు ప్రభుత్వం క్షమాపణ చెబుతూ, బతికి ఉన్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చిన 1988 నాటి చట్టం కోసం ఇద్దరూ తమ తమ సభల్లో పనిచేశారు. మినెటా 2022లో పోయారు, సింప్సన్ ఈ మార్చిలోనే కోడీలో కన్నుమూశారు.

నేను ఏడేళ్ళుగా కోడీ ఊరేగింపుకు వెళ్తున్నాను. దాదాపు రెండు గంటల ప్రయాణం. ఊరేగింపు అయ్యాక ఆ శిబిరం దగ్గరి మ్యూజియానికి వెళ్ళి గాని తిరిగి రాను. నిశిత గారు అన్న సగం కథలో కొంత అక్కడ ఉంది.

కొత్తచిగురు — జులై 11, ఉదయం 9:20

నేను అమెరికా వచ్చి పది నెలలే అయింది. మా ఊళ్ళో ఊరేగింపు చూడటానికి వెళ్ళినప్పుడు జెండా రాగానే అందరూ గుండెల మీద చేయి పెట్టుకున్నారు. నాది భారతీయ పాస్‌పోర్టు. నేనూ పెట్టుకోవాలా, పెట్టుకోకపోతే అగౌరవమా అని తెలియక, చేయి సగం ఎత్తి చొక్కా గుండీ సర్దుకున్నట్టు నటించాను. పెద్దలు చెప్పగలరు.

పాతకాపు, న్యూజెర్సీ — జులై 11, ఉదయం 11:00

గుండీ ఉపాయం మేమంతా వాడినదే బాబూ. ఈ దేశపు జెండా నియమావళి దీనిని స్పష్టంగా చెబుతుంది. ఊరేగింపులో జెండా మన ముందు నుంచి సాగిపోయే క్షణంలో పౌరులు దానికి ఎదురు తిరిగి కుడి చేయి గుండె మీద ఉంచుకోవాలి, టోపీ ఉంటే తీయాలి. ఇతర దేశాల పౌరులు నిటారుగా నిలబడితే చాలు. మన భారత జెండా నియమావళి కూడా పరేడ్‌లో జెండా సాగిపోయేటప్పుడు అందరూ దాని వైపు తిరిగి నిటారుగా నిలబడాలనే చెబుతుంది. బడిలో పీటీ మాస్టారు "సావధాన్" అంటే ఎలా నిలబడేవాడివో అలా నిలబడు, రెండు దేశాలకూ సరిపోతుంది.

కొబ్బరాకు, అమలాపురం — జులై 11, రాత్రి 9:30

బాటసారి గారి నాన్నగారికి ఉపన్యాసం లేని ఊరేగింపు వింతగా తోచిందని చదివి నవ్వుకున్నాను. మాస్టారికి నా మాటగా చెప్పండి: మన దగ్గర కూడా ఉపన్యాసం లేనివి ఉన్నాయి, అయితే అవి ప్రభుత్వం పెట్టినవి కావు. కనుమ నాడు జగ్గన్నతోటకు రమ్మనండి. చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురు దబ్బలు, రంగు గుడ్డలు, నెమలి ఈకలతో కట్టిన ఎత్తైన ప్రభలను భుజాల మీద ఎత్తుకుని, పచ్చని వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటిస్తారు. చేను తొక్కారని ఏ రైతూ నోరు మెదపడు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్ర శకటంగా వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. టీవీలో చూసి మురిసిపోయాము గానీ, ట్రాక్టరు మీద నిలబెట్టిన ప్రభకు కాలువ దాటే ప్రభ ఊపు ఎక్కడి నుంచి వస్తుంది?

సంక్రాంతికి హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్ళు ఆ రోజు మా దారుల్లో గంటల కొద్దీ ఆగిపోతారు. హారను కొట్టేవాళ్ళు కొందరు, బండి దిగి భుజం పట్టేవాళ్ళు కొందరు. మీరు రెండో రకం అని అర్థమైంది.

తూర్పుతీరం, బోస్టన్ — జులై 12, ఉదయం 8:10

ఇక్కడికి గంట దూరంలో, రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్ అనే ఊరు 1785 నుంచి ఏటా జులై 4 ఉత్సవం చేస్తోంది. ఊరేగింపు సాగే వీధి నడిమి గీతను ఏడాది పొడవునా ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లోనే ఉంచుతారు. అయితే అది ఇప్పుడు చిన్న పండుగ కాదు. జనసముద్రం. బాటసారి గారు చెప్పిన ఆ "పేరు పెట్టి పిలవడం" కావాలంటే ఇంకా చిన్న ఊళ్ళే వెతుక్కోవాలి. చిన్న ఊళ్ళు పరేడ్ వేళలను గ్రంథాలయం గోడ మీదో, అగ్నిమాపక కేంద్రం ముందో అంటిస్తాయి. ముందు రోజు పెట్రోలు పోయించుకునే చోట అడిగినా చెబుతారు.

ఒక చిన్న ముచ్చట. జాన్ ఆడమ్స్ 1776 జులై 3న భార్యకు రాసిన ఉత్తరంలో, తరతరాలు ఈ రోజును ఊరేగింపులతో, ఆటలతో, తుపాకులు, గంటలు, దీపాలతో జరుపుకుంటాయని జోస్యం చెప్పాడు. అన్నీ నిజమయ్యాయి, తేదీ తప్ప. స్వాతంత్ర్య తీర్మానం నెగ్గిన జులై 2వ తేదీయే పండుగ అవుతుందని ఆయన అనుకున్నాడు. మేఘమాల గారూ, వచ్చే ఏడాదికి 250 ఏళ్ళు నిండుతాయి కాబట్టి కోడీలో గది ఇప్పుడే పట్టుకోండి. రద్దు చేయరని రాతపూర్వకంగా ఉంటే ఇంకా మంచిది.

బాటసారి, షికాగో — జులై 12, రాత్రి 10:20

అందరికీ ధన్యవాదాలు. కొబ్బరాకు గారి ఆహ్వానం నాన్నగారికి చదివి వినిపించాను. ప్రభల సంగతి తనకు తెలుసుననీ, 1978లో వెళ్ళాననీ, నన్ను ఎందుకు తీసుకువెళ్ళలేదో గుర్తులేదనీ అన్నారు.

ఇసుకతిన్నె గారూ, మీరు చెప్పిన పొగగొట్టం మాకు కనిపించింది. నాన్నగారు కిటికీలోంచి చూపించి, "అదేమిటిరా?" అని అడిగారు కూడా. పరేడ్ సంగతి అప్పటికి తెలియదు, పార్కు వేళ మించిపోతుందేమోనన్న తొందరలో ఉన్నాను. "పాత ఇటుక బట్టీ అయి ఉంటుంది" అని చెప్పేశాను. ఆయన ప్రయాణాల్లో ఒక నోటు పుస్తకం రాస్తారు. ఈ రోజు మీ రాత చదివించాక లోపలికి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చుకున్నారు. జులై 4 పేజీలో మొదటి వాక్యం "ఉ. 7-45, దారిలో ఇటుక బట్టీ." ఎర్ర సిరా కలం అడిగి దానిని కొట్టేసి, పక్కన శిబిరం పేరు, రెండు సంవత్సరాలు రాసి, స్కౌట్ పిల్లలిద్దరి పేర్లకు వర్ణక్రమం నన్నే అడిగి రాసుకున్నారు. మార్జిన్‌లో నాకు సున్నా వేశారు.

మ్యూజియం ఏయే రోజుల్లో తెరిచి ఉంటుందో మీకు తెలిస్తే రాయండి. సెప్టెంబరులో వీళ్ళు తిరిగి వెళ్ళేలోపు మళ్ళీ 1,300 మైళ్ళు నడపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు గానీ, నాన్నగారు అప్పుడే అట్లాసు తీశారు.